టెలిస్కోప్ కొనకముందే అంతరిక్ష చరిత్రని కళ్ళారా చూడటం ఎలా

ఆకాశం చూడటం మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఏ టెలిస్కోప్ కొనాలి అని. నేను చెప్పేది ఒకటే, ఇప్పుడే కొనకండి, కనీసం ఒక ఆరు నెలలు ఆగండి. ఎందుకంటే మనిషి అంతరిక్షంలోకి పంపినవాటి జాడ చాలావరకు మన నెత్తిమీదే ఉంది, కొన్ని నేరుగా కంటికే కనిపిస్తాయి, కొన్ని దిగిన చోటు కనిపిస్తుంది, కొన్ని ఏ దిక్కుకి పోతున్నాయో ఆ దిక్కన్నా చూడొచ్చు. దీనికి రెండు కళ్ళు, ఒక మామూలు బైనాక్యులర్, ఒక నోటుబుక్కు చాలు.

అసలు అంతరిక్ష యుగం మొదలైందే జనం బయటికొచ్చి తలెత్తి చూడటంతో. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుట్నిక్ 1 పంపినప్పుడు రాత్రిపూట ఆకాశంలో కదిలే చుక్కని చూసి అదిగో స్పుట్నిక్ అనుకున్నారు, కానీ వాళ్ళలో చాలామంది చూసింది స్పుట్నిక్‌ని కాదు. అది 58 సెంటీమీటర్ల గుండు, బరువు 83.6 కిలోలు, అంత చిన్నది మామూలు కంటికి ఆనడం చాలా కష్టం. అందరికీ కనిపించింది దాన్ని పైకి మోసుకెళ్ళి దానితోపాటే కక్ష్యలో తిరిగిన రాకెట్ ప్రధాన భాగం. అప్పటికే 1956లో అమెరికాలో ఫ్రెడ్ విపుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆపరేషన్ మూన్‌వాచ్ అని ఒకటి పెట్టాడు, మామూలు మనుషులు చిన్న టెలిస్కోపులు వరసగా పెట్టుకుని కూర్చుని ఉపగ్రహం ఏ క్షణానికి ఏ గీత దాటిందో రాసి పంపేవాళ్ళు, తొలి ఉపగ్రహాల కక్ష్యలు లెక్కగట్టడానికి ఆ కాగితాలు నిజంగా పనికొచ్చాయి. అందుకే ఈ హాబీని నేను కాలక్షేపం అనుకోను, అంతరిక్ష చరిత్రలో మనలాంటి వాళ్ళ పాత్ర మొదటి రోజు నుంచీ ఉంది.

మొదటి మెట్టు: కళ్ళని చీకటికి అలవాటు చెయ్యడం

లైట్ల వెలుగులోంచి బయటికొచ్చి రెండు నిమిషాలు చూసి ఏమీ కనపడట్లేదు అని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. కంటికి పూర్తిగా చీకటి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఆ మధ్యలో ఒక్కసారి ఫోన్ స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో చూశారంటే మళ్ళీ మొదటికే. ఎర్ర వెలుగైతే అంత పాడుచెయ్యదు, కాబట్టి టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్‌లో అయితే ఆకాశం యాప్‌లన్నిటికీ దాదాపు నైట్ మోడ్ ఉంటుంది, అది పెట్టుకోండి.

ఇంకో కిటుకు, మసగ్గా ఉన్నదాన్ని సూటిగా చూడకండి, కాస్త పక్కకి చూడండి. మసక వెలుగుని పట్టే కణాలు కంటిపాప నడిమధ్యకి ఎదురుగా ఉండవు, చుట్టూ ఉంటాయి. కృత్తికల మీద ఇది చేసి చూడండి, పిల్లలకోడి అంటాం కదా అదే, సూటిగా చూస్తే ఒక పొగముద్దలా ఉన్నది చూపు పక్కకి తిప్పగానే విడివిడి చుక్కలుగా విడిపోతుంది.

ఒకటి మాత్రం చెప్పాలి, చంద్రుడికి, గ్రహాలకి, స్పేస్ స్టేషన్‌కి ఇంత చీకటి అక్కర్లేదు, లైట్ల మధ్యలోంచి కూడా హాయిగా కనిపిస్తాయి. పాలపుంత కోసం, ఉల్కల కోసం మాత్రం ఊరి వెలుగులకి దూరం వెళ్ళక తప్పదు.

రెండో మెట్టు: చేత్తో కొలవడం

ఆకాశంలో దూరాలన్నీ డిగ్రీల్లో చెప్తారు, దానికి పరికరం మీ చెయ్యే. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు, చిటికెన వేలు వెడల్పు దాదాపు 1 డిగ్రీ. చంద్రుడు అర డిగ్రీ మాత్రమే, నమ్మకం లేకపోతే చెయ్యి చాచి చిటికెన వేలు అడ్డం పెట్టండి, ఉదయించేటప్పుడు అంత పెద్దగా కనిపించే చంద్రుడు కూడా దాని వెనక పూర్తిగా దాక్కుంటాడు.

దిక్కుల కోసం ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళు సప్తర్షి మండలంలో గిన్నెలా ఉన్న నాలుగు చుక్కల్లో, తోకకి దూరంగా అంచున ఉన్న రెంటినీ కలిపి ఆ గీతని ముందుకి ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం తగులుతుంది. అది నేల మీంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో అదే మీ అక్షాంశం. దక్షిణాన ఉన్నవాళ్ళకి ధ్రువుడు కనిపించడు, వాళ్ళకి సదరన్ క్రాస్ దారి చూపిస్తుంది.

మూడో మెట్టు: స్పేస్ స్టేషన్‌ని పట్టుకోవడం

నా లెక్కలో ఈ హాబీకి అసలైన ప్రవేశం ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగుతాను.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మొదటి భాగం జార్యా 1998 నవంబర్ 20న వెళ్ళింది, 2000 నవంబర్ 2 నుంచి అందులో ఒక్క రోజు కూడా మనుషులు లేకుండా లేరు. పొడవు 109 మీటర్లు, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తు, గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల వేగం, భూమిని ఒక చుట్టు చుట్టడానికి గంటన్నర. పెద్ద పెద్ద సోలార్ పలకల మీద ఎండ పడి శుక్రుడితో పోటీపడేంత వెలుగుతుంది.

హెవెన్స్ అబవ్ సైట్‌లో గానీ నాసా వాళ్ళ స్పాట్ ది స్టేషన్‌లో గానీ మీరున్న చోటు ఇస్తే రాబోయే రోజుల్లో ఎప్పుడెప్పుడు కనిపిస్తుందో పట్టిక వస్తుంది. అందులో చూడాల్సినవి నాలుగు: ఎన్నింటికి మొదలు, ఏ దిక్కున మొదలు, గరిష్ఠంగా ఎంత ఎత్తు, ఎంత వెలుగు. వెలుగు అంకె మైనస్‌లో ఎంత ఎక్కువుంటే అంత బ్రైట్. స్టేషన్ ఒక్కోసారి ఆకాశం దాటడాన్ని పాస్ అంటారు, ఎత్తు 40 డిగ్రీలు దాటిన పాస్ ఎంచుకోండి, అంటే నాలుగు పిడికిళ్ళ పైన అన్నమాట, 15 డిగ్రీల పాస్ అయితే ఇళ్ళ వెనకో చెట్ల వెనకో పోతుంది. పది నిమిషాల ముందే బయటికెళ్ళి, అది మొదలయ్యే దిక్కుకి తిరిగి నిలబడండి.

టైమ్ అదే రోజు ఇంకోసారి చూసుకోవడం మర్చిపోకండి. నేను మొదటిసారి మూడు రోజుల కిందట రాసిపెట్టుకున్న టైమ్ పట్టుకుని వెళ్ళాను, అది అప్పటికే దాటిపోయింది, ఖాళీ ఆకాశం కింద పావుగంట నిలబడి వచ్చేశాను. ఆ ఎత్తులో కూడా పలుచటి గాలి ఉంటుంది, దాని రాపిడికి స్టేషన్ మెల్లగా కిందికి జారుతుంటుంది, అప్పుడప్పుడు ఇంజిన్లు మండించి పైకి నెడుతుంటారు, దాంతో పాత లెక్కలు తప్పిపోతాయి.

రెండోసారి మాత్రం దొరికింది. పడమర వైపు ఇళ్ళ పైనుంచి ఒక చుక్క లేచింది, మొదట విమానమే అనుకున్నా, కానీ మిణుకు లేదు, ఎరుపు ఆకుపచ్చ దీపాలు లేవు, చప్పుడు అసలే లేదు, లేత పసుపు కలిసిన తెల్లటి వెలుగు, ఎవరో దారంతో లాగుతున్నట్టు ఒకే వేగంతో పైకొచ్చి నడినెత్తిన ఉన్న నక్షత్రాలన్నిటికంటే ఎక్కువ వెలిగి తూర్పు వైపు దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి ఎర్రబడి నాలుగైదు సెకన్లలో ఆరిపోయింది. మబ్బు అడ్డం రాలేదు, భూమి నీడలోకి వెళ్ళిపోయింది అంతే. అందులో ఉన్నవాళ్ళకి అప్పుడే సూర్యాస్తమయం అయిందన్నమాట, రోజుకి పదహారు సార్లు అవుతుంది వాళ్ళకి.

సాయంత్రం చీకటి పడ్డాక ఒక గంటన్నర, తెల్లవారకముందు ఒక గంటన్నర ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా ఆ నీడే. మనకి చీకటి అయి ఉండాలి, పైన దానికి ఇంకా ఎండ తగులుతుండాలి. అర్ధరాత్రి అయితే చాలా కాలాల్లో అదీ నీడలోనే ఉంటుంది.

దాని కక్ష్య భూమధ్యరేఖకి 51.6 డిగ్రీల వంపులో ఉంది, కాబట్టి ఉత్తరాన, దక్షిణాన 51.6 అక్షాంశాల మధ్య ఉన్నవాళ్ళందరికీ ఏదో ఒక రోజు నెత్తిమీంచే వెళ్తుంది. ఆ వింత అంకె ఎందుకంటే కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి లేచే రాకెట్ల భాగాలు చైనా భూభాగం మీద పడకుండా ఉండాలని. ఇది చేతికి చిక్కాక చైనా వాళ్ళ తియాంగాంగ్ స్టేషన్ కూడా ప్రయత్నించండి, వెలుగు కాస్త తక్కువ, వంపు దాదాపు 41.5 డిగ్రీలు, 2021 ఏప్రిల్‌లో మొదటి భాగం వెళ్ళింది.

నాలుగో మెట్టు: కనిపించింది ఏమిటో పోల్చుకోవడం

ఇది త్వరగా చెప్పేస్తాను. మిణుకుమంటూ రంగుల దీపాలుంటే విమానం. మిణుకు లేకుండా ఒకే తీరుగా కదిలితే ఉపగ్రహం. లయగా వెలిగి ఆరుతూ పోతుంటే చాలాసార్లు అది పనైపోయి దొర్లుతున్న పాత రాకెట్ భాగం. రెప్పపాటులో గీత గీసి మాయమైతే ఉల్క. అదే గీత ముప్పై సెకన్లు, నిమిషం పాటు నెమ్మదిగా సాగుతూ ముక్కలు ముక్కలుగా విడిపోతుంటే ఏదో ఉపగ్రహమో రాకెట్టో వాతావరణంలోకి తిరిగొచ్చి కాలిపోతోంది, వెంటనే టైమ్, దిక్కు రాసుకోండి. రైలుపెట్టెల్లా వరసగా చుక్కలు పోతుంటే స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు, లాంచ్ అయిన కొద్ది రోజులే అలా కనిపిస్తాయి, తర్వాత ఎత్తుకి వెళ్ళి విడిపోతాయి.

ఐదో మెట్టు: రాకెట్ లాంచ్‌లని వెంటాడటం

లాంచ్ తేదీల జాబితాలు నెట్‌లో బోలెడు, నెక్స్ట్ స్పేస్‌ఫ్లైట్ లాంటి సైట్లలో ప్రపంచంలోని అన్ని లాంచ్‌లూ ఒక్కచోట దొరుకుతాయి. కానీ జాబితాని చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. తేదీ ముందు ఎన్ఈటీ అని ఉంటే దానర్థం అంతకంటే ముందు జరగదు అని మాత్రమే, ఆ రోజే జరుగుతుందని కాదు. తేదీ బదులు నెలో మూడు నెలల గడువో మాత్రమే రాసి ఉంటే ఇంకా నమ్మకం లేదన్నమాట. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌ని మొదట్లో 2007లో పంపుదాం అనుకున్నారు, అది లేచింది 2021 డిసెంబర్ 25న. కాబట్టి క్యాలెండర్‌లో పెన్సిల్‌తోనే రాయండి.

లాంచ్ విండో అనే మాట ముఖ్యం, రాకెట్ లేవడానికి వీలయ్యే సమయం అని అర్థం. స్పేస్ స్టేషన్‌కి వెళ్ళే రాకెట్‌కి విండో దాదాపు ఒక్క క్షణమే, ఎందుకంటే భూమి తిరుగుతూ తిరుగుతూ లాంచ్ ప్యాడ్‌ని సరిగ్గా స్టేషన్ కక్ష్యాతలం కిందికి తెచ్చిన క్షణంలోనే లేవాలి, అది తప్పితే మరుసటి ప్రయత్నమే, ఆ క్షణం కూడా రోజురోజుకి ఇరవై నిమిషాల పైచిలుకు ముందుగానే వచ్చేస్తుంది. అంగారకుడికి అయితే విండో 26 నెలలకోసారి తెరుచుకుంటుంది. ఇది ఆకాశంలోనే కనిపెట్టొచ్చు, అంగారకుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి ఎర్రగా జ్వలించే ప్రతిసారీ దానికి కొన్ని నెలల ముందే ఆ విండో వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. 2027 ఫిబ్రవరిలో అలా ఎదురుగా వస్తాడు, అప్పుడు చూసి గుర్తుచేసుకోండి.

లైవ్ చూసేటప్పుడు ఏం గమనించాలంటే, మొదటి నిమిషం దాటాక వేగం పెరుగుతూ గాలి ఇంకా చిక్కగానే ఉండటం వల్ల రాకెట్ మీద ఒత్తిడి అత్యధికం అయ్యే ఘట్టం వస్తుంది, మ్యాక్స్ క్యూ అంటారు. తర్వాత మొదటి స్టేజ్ ఇంజిన్లు ఆగడం, స్టేజ్ విడిపోవడం, రెండో స్టేజ్ వెలగడం, గాలి దాదాపు లేనంత ఎత్తుకి వెళ్ళాక ముక్కు కప్పు రెండు చిప్పలుగా ఊడిపోవడం. కింద మూల ఉండే స్పీడ్ అంకె మీద ఓ కన్నేసి ఉంచండి, దిగువ భూకక్ష్యకి సెకనుకి దాదాపు 7.8 కిలోమీటర్లు రావాలి. ఎత్తు కంటే ఆ పక్కకి పరిగెత్తే వేగమే అసలు పని అని అంకెలు చూస్తుంటే అర్థమవుతుంది.

కౌంట్‌డౌన్ ఆగిపోతే, లాంచ్ వాయిదా పడితే విసుక్కోకండి. 1969 నవంబర్ 14న అపోలో 12 వానలోనే లేచింది, 36 సెకన్లకి ఒకసారి, 52 సెకన్లకి ఇంకోసారి పిడుగు పడింది, లోపల హెచ్చరిక దీపాలు ఒక్కసారిగా వెలిగాయి, కింద స్క్రీన్ల మీద అంకెలన్నీ చెత్తగా మారిపోయాయి. కంట్రోల్ రూమ్‌లో జాన్ ఆరన్ అనే యువ ఇంజినీర్‌కి అలాంటి చెత్త అంకెలు అంతకుముందు ఒక పరీక్షలో చూసిన గుర్తు, నౌకలోని సెన్సార్ల సిగ్నళ్ళని సర్దే ఎస్‌సీఈ అనే పరికరం స్విచ్‌ని ఆక్స్‌కి వెయ్యమన్నాడు, ఆ స్విచ్ ఎక్కడుందో నౌకలో ఉన్న అలన్ బీన్‌కి తెలుసు కాబట్టి వేశాడు, అంకెలు తిరిగొచ్చాయి, వాళ్ళు చంద్రుడి మీద దిగి వచ్చారు. అందరికీ ఆ అదృష్టం లేదు. 1986 జనవరి 28న గడ్డకట్టే చలిలో ఛాలెంజర్ స్పేస్ షటిల్‌ని పంపారు, చలికి బూస్టర్ అతుకులోని రబ్బరు రింగ్ బిగుసుకుపోయింది, 73 సెకన్లకి నౌక ముక్కలైంది, ఏడుగురు పోయారు. ఇది తెలిశాక వాతావరణం బాగోలేదు, రేపు చూద్దాం అని వాళ్ళు చెప్తే నాకు ఊరటగా ఉంటుంది.

దగ్గర్లో ఉండి చూసే అవకాశం వస్తే ఒక్క మాట, మొదటిసారి ఫోటోలు తియ్యకండి, చూడండి. వెలుగు ముందొస్తుంది, శబ్దం కిలోమీటరుకి మూడు సెకన్లు ఆలస్యం, పది కిలోమీటర్ల దూరంలో ఉంటే అరనిమిషం పాటు నిశ్శబ్దంగా మండుతూ లేస్తుంది, ఆ తర్వాత ఛాతీలో తగులుతుంది ఆ మోత. సూర్యోదయానికి కాస్త ముందో సూర్యాస్తమయం తర్వాతో జరిగే లాంచ్‌లు అన్నిటికంటే అందమైనవి, కింద చీకటి, పైన రాకెట్ పొగకి ఎండ తగిలి పెద్ద జెల్లీఫిష్‌లా విచ్చుకుంటుంది, వందల కిలోమీటర్ల దూరానికి కూడా కనిపిస్తుంది.

ఆరో మెట్టు: బైనాక్యులర్‌తో చంద్రుడి మీద ఎవరెక్కడ దిగారో వెతకడం

10×50 అని రాసి ఉన్నది తీసుకోండి, పది రెట్లు దగ్గర చేస్తుంది, ముందు కటకం 50 మిల్లీమీటర్లు అని అర్థం. చెయ్యి వణికితే ఏమీ కనపడదు కాబట్టి మోచేతులు గోడ మీద ఆన్చండి, లేదా పడక కుర్చీలో వెనక్కి వాలండి. పున్నమి రోజు మాత్రం వద్దు, నీడలు లేక అంతా చప్పగా ఉంటుంది. శుక్లపక్షంలో పంచమి నుంచి దశమి దాకా మంచి రోజులు, వెలుగు నీడలు కలిసే గీత దగ్గర కొండలు, గుంటలు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తాయి.

అంచుకి దగ్గరగా, మిగతా మచ్చలతో కలవకుండా విడిగా ఉన్న కోడిగుడ్డు లాంటి నల్లమచ్చ సంక్షోభాల సముద్రం, 1976లో సోవియట్ లూనా 24 అక్కడి నుంచే 170 గ్రాముల మట్టి తెచ్చింది. దాని పక్కన లోపలి వైపున్న పెద్ద మచ్చ ప్రశాంత సముద్రం, దాని నైరుతి అంచు దగ్గరే 1969 జులై 20న అపోలో 11 దిగింది. అష్టమి రోజు వెలుగు గీత మీద వంపు తిరిగిన కొండల వరస మెరుస్తుంటుంది, అవి అపెనైన్ పర్వతాలు, వాటి పాదాల దగ్గర 1971లో అపోలో 15 వాళ్ళు కారు నడిపారు. దక్షిణపు అంచుకి బాగా దగ్గరగా, 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, 2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3 దిగింది, అక్కడ గుంటలు ఎంత చిక్కగా కిక్కిరిసి ఉన్నాయో చూస్తే ఆ దిగడం ఎంత కష్టమో ఎవరూ చెప్పక్కర్లేదు.

జెండా కనిపిస్తుందా అని అడుగుతారు, కనిపించదు, హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌కి కూడా కనిపించదు, అంత దూరం. కానీ అపోలో 11, 14, 15 వాళ్ళు పెట్టొచ్చిన అద్దాల పెట్టెల మీదికి భూమి నుంచి లేజర్ కొడితే వెలుగు ఇప్పటికీ తిరిగొస్తుంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని కొలిచింది వాటితోనే.

ఏడో మెట్టు: గురుడు, మిగతావాళ్ళు

అదే బైనాక్యులర్ గురుడి వైపు తిప్పి కదలకుండా పట్టుకుంటే పక్కన చిన్న చిన్న చుక్కలు ఒకే గీతలో ఉంటాయి. అవి గురుడి నాలుగు పెద్ద చంద్రులు, 1610 జనవరిలో గెలీలియో చూసినవి అవే. నోటుబుక్కులో మధ్యలో ఒక సున్నా చుట్టి అటూ ఇటూ చుక్కలు పెట్టి తేదీ వెయ్యండి, వారం రోజులు ఇలా చెయ్యండి, ఏవో తిరుగుతున్నాయని మీ బొమ్మలే చెప్తాయి. అన్నిటికంటే లోపలున్న అయో చుట్టి రావడానికి 42 గంటలు పడుతుంది, దాని మీద అగ్నిపర్వతాలు పేలుతున్నాయని 1979 మార్చిలో వోయేజర్ 1 ఫోటోల్లో తెలిసింది. ఆ పక్క యూరోపా వైపు 2024 అక్టోబర్ 14న బయల్దేరిన యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్‌కి చేరాలి, యూరప్ వాళ్ళ జ్యూస్ 2031 జులైకి. అంటే మీరు ఇవ్వాళ పెట్టిన చుక్కల దగ్గరికి రెండు నౌకలు దారిలో ఉన్నాయి.

వేగుచుక్కని, అదే శుక్రుణ్ణి, చూసినప్పుడు 1982లో అక్కడ దిగిన సోవియట్ నౌక వెనీరా 13 ఆ కొలిమిలో 127 నిమిషాలు బతికిందని గుర్తుచేసుకోండి. శని ఉంగరాలకి మాత్రం టెలిస్కోప్ కావాలి, ఇదిగో ఇప్పుడు కొనుక్కోవచ్చు, ఈపాటికి మీకు ఏది చూడాలని ఉందో మీకే తెలిసి ఉంటుంది. కొనేటప్పుడు డబ్బా మీద ఎన్ని రెట్లు అని రాసిన అంకె నమ్మొద్దు, అద్దం వ్యాసం, స్టాండ్ గట్టిదనం రెండే చూడండి.

ఒక హెచ్చరిక, బైనాక్యులర్‌ని గానీ టెలిస్కోప్‌ని గానీ పగలు సూర్యుడి దరిదాపులకి తిప్పొద్దు, క్షణంలో చూపు పోతుంది. 2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాల పైన సంపూర్ణ గ్రహణం ఉంది, దానికి వెళ్ళేవాళ్ళు ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న కళ్ళద్దాలే వాడండి, పాక్షిక దశలో ఒక్క క్షణం కూడా అవి తియ్యొద్దు.

క్యాలెండర్‌లో ఇంకో తేదీ, దీన్ని మాత్రం పెన్నుతో రాయొచ్చు, 2029 ఏప్రిల్ 13. అపోఫిస్ అనే గ్రహశకలం భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలోంచి వెళ్తుంది, కొన్ని ఉపగ్రహాల కంటే దగ్గర, యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్ళకి మామూలు కంటికే కదిలే చుక్కలా కనిపిస్తుంది. గుద్దుకునే ప్రమాదం లేదు.

చివరి మెట్టు: కనపడనిదాన్ని చూడటం

ఇది నేను ఏటా ఒకసారైనా చేస్తాను. అభిజిత్ నక్షత్రం, వృశ్చికంలో ఎర్రగా ఉండే జ్యేష్ఠ రెండూ పైనున్న రాత్రి వాటిని కలుపుతూ ఊహల్లో ఒక గీత గీయండి, దాదాపు మధ్యలో రాసల్‌హేగ్ అనే ఓ మాదిరి వెలుగు చుక్క ఉంటుంది. దానికి సగం పిడికిలి దూరంలో, పడమర వైపు, 1977 సెప్టెంబర్ 5న బయల్దేరిన వోయేజర్ 1 ఉంది, సుమారు 2,500 కోట్ల కిలోమీటర్ల అవతల. అక్కడి నుంచి బయల్దేరిన రేడియో సిగ్నల్ మన దాకా రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, మీరు చూస్తున్న క్షణంలో అది ఏదైనా పంపితే రేపు ఇదే వేళకి అందుతుంది. కంటికి అక్కడ ఏమీ ఉండదు, నల్లటి ఖాళీ అంతే. ఆ ఖాళీకే నోటుబుక్కులో ఒక సున్నా చుట్టి పక్కన తేదీ, టైమ్ వేసుకోండి.